కప్పు వచ్చింది, గొంతు పోయింది

పద్మారావు నగర్,
9 జూన్ 2024

మేబెల్ అక్కకు,

రాంగోపాల్‌పేట్ వేకువ పద్యనాటక సమాజం వారు ఇందుమూలముగా సకల జనులకు చాటించునది ఏమనగా, సమాజం వారి టీ కెటిల్ మూత కనపడుట లేదు. సదరు మూతను తీసినవారు, దాచినవారు, తెలియక దాని మీద కూర్చున్నవారు తక్షణమే హాజరు కావలెను. లేనియెడల తాత్కాలిక అధ్యక్షులు, ఇంటర్ ఫెయిల్, శ్రీ ఐజాక్ గారి తీర్పు ప్రకారం సభ్యులందరూ ఈగలు పడిన టీ సేవించవలెను.

ఇది నా మొదటి ఉత్తర్వు. నోటీసు బోర్డు మీద అంటించిన. నవ్వినోళ్లు ముగ్గురే. ఎందుకంటే వచ్చిందే ముగ్గురు.

బావను తీసుకొని కాకినాడ పోయేటప్పుడు నువ్వు హుకుం వేసినవ్ కదా, "ఫోన్ చెయ్యకు, ఉత్తరం రాయి. ఫోన్లో నోటికొచ్చింది వాగుతావు, కాగితం మీద నీకు అబద్ధం రాదు" అని. అందుకే పెన్ను పట్టిన. మా ఇంటామె క్యారల్ చూసి ఎవరన్న పోయిర్రా అని అడిగింది.

మొన్న కమిటీ కూసుంది. మన ఖజాంచి విశ్వతేజ గోడ మీద బొమ్మలు వేసి చూపించిండు. కంప్యూటర్ కంపెనీల ఉద్యోగం కదా, గోడ కనపడితే ఆగడు. "దాతలను నిలుపుకునే వ్యూహం" అంట. అందులో మొదటి వ్యూహం, చదివింపులు బంద్ చేసుడు. రాణి ఏడుస్తుంటె పద్యం ఆపి, "ఫలానా వారు ఈ పద్యానికి మెచ్చి వంద రూపాయలు చదివించినారు" అని నేను మైకుల అరుసుడు, రాణి కన్నీళ్లు తుడుసుకొని దండం పెట్టి మళ్ల ఏడుసుడు, పెద్ద కంపెనీలోళ్లకు గిదంతా నచ్చదంట. "మరి కంపెనీలు ఏ పద్యానికి మెచ్చి ఇస్తయ్ తమ్మీ?" అని అడిగిన. కోపానికొచ్చిండు.

పిలగానిది కోపం కాదు, భయం. ఫిబ్రవరిల నాటకం అయినంక సర్వసభ్య సమావేశం. సమాజాన్ని నడిపే మనిషి దొరుకుతదా, తాళం ఏసుడా, అప్పుడు తేలుస్తరంట. నేనైతే టెంటు హౌస్ మనిషిని. మైకు ఇమ్మంటే ఇస్తా, మైకుల ఏం చెప్పాల్నో నాకేం ఎరుక?

ఒక్క మాట అంట, తిట్టకు. మన హాలుకు కప్పు మాత్రం మస్తు గట్టిగుంది. ఎంత వాన కొట్టినా చుక్క కారదు. గోడకు భానుప్రకాశ్ గారి పేరు చెక్కిన రాయి మెరుస్తుంది. ఆ స్లాబ్ వేయించినందుకు ఆయన బిడ్డకు రాణి మేఘావతి వేషం ఇచ్చినవ్. మన నాన్న హార్మోనియం పక్కన కూసొని ఏండ్లకేండ్లు ఆ పద్యాలు నేర్చుకున్న సుమిత్రకు, ముఖానికి రంగు వేసుకున్నంక చెప్పినవ్, ఈసారి నువ్వు కాదమ్మా అని. ఆ పిల్ల కొబ్బరినూనెతోటి రంగు తుడుసుకొని, హార్మోనియానికి మొక్కి పోయింది. మళ్ల రాలే. జనం సుత ఒక్కొక్కరు ఆమె ఎనకనే పోయిర్రు.

మనకు కప్పు వచ్చింది, గొంతు పోయింది.

బావకు నా వందనాలు చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు
ఐజాక్
(టెంట్లు, మైకులు, పెండ్లి కుర్చీలు, ప్రార్థన కూటాలకు రాయితీ)


కాకినాడ,
20 జూన్ 2024

చిరంజీవి ఐజాక్‌కు ప్రభువు నామంలో అక్క ఆశీస్సులు.

కెటిల్ మూత హార్మోనియం కాలు కింద ఉంది. ఆ మూల నేల పల్లంగా ఉందని నేనే పెట్టాను. నోటీసు చింపెయ్యి.

మీ బావ ఎడమచెయ్యి కొంచెం లేస్తోంది. చెంచా తనే పట్టుకుంటానంటారు. సగం చొక్కా మీద పడుతుంది. నేను తినిపించబోతే మొహం తిప్పుకుంటారు. పక్షవాతం కంటే పౌరుషం ఎక్కువగా ఉంది ఈయనకి.

విశ్వతేజని ఏడిపించకు. అతను చెప్పేదాంట్లో నిజం ఉంది. చదివింపులు తీసెయ్యొద్దు, కానీ రంగం పూర్తయ్యాక చదువు. ఎవరూ ఏడుపు మధ్యలో దండాలు పెట్టక్కర్లేదు.

ఇక డబ్బు అడిగే విషయం. ఇన్నాళ్లు నా వెనక సంచి మోశావు కానీ ఒక్కటీ నేర్చుకోలేదు. చెయ్యి చాపేముందు కుర్చీ వెయ్యాలి. అంటే మనిషిని లోపలికి పిలవాలి, రిహార్సల్ చూపించాలి, మన పిల్లల గొంతు వినిపించాలి. అప్పుడు అడగాలి. ఇచ్చినవాళ్లకి వారం తిరక్కుండా చేత్తో రాసిన కార్డు వెళ్లాలి. మళ్లీ అడగడానికే వాళ్ల గుమ్మం ఎక్కకూడదు, ఊరికే కూడా ఎక్కాలి. అన్నిటికంటే ముఖ్యం, అడిగే పని ఇంకొకరికి అప్పజెప్పకూడదు. ఎవరికి కావాలో వాళ్లే వెళ్లి నోరు తెరిచి అడగాలి. నేను సమాజాన్ని నడిపింది ఈ ఒక్క ముక్కతోనే.

సుమిత్ర సంగతి ఇంకెప్పుడూ రాయకు.

క్యారల్‌ని అడిగానని చెప్పు.

మీ అక్క
మేబెల్


పద్మారావు నగర్,
11 ఆగస్టు 2024

అక్కా,

మూత దొరికింది. కానీ తీసినంక హార్మోనియం కుంటుతుంది. మళ్ల అక్కడనే పెట్టిన. ఈగల టీనే తాగుతున్నం.

నువ్వు చెప్పినట్టే చేసిన. కుర్చీ వేసిన. మా దుకాణంల పెండ్లికొడుకు, పెండ్లికూతురు కూసునే ఎర్ర మఖ్మల్ కుర్చీలు ఉన్నయ్ కదా, బంగారు సింహాలవి. రెండిటిని ట్రాలీ ఆటోల ఎక్కించుకొని భానుప్రకాశ్ గారి టైల్స్ షోరూముకు పోయి, కౌంటర్ ముందల దించిన. "సార్, చెయ్యి చాపేముందు కుర్చీ వెయ్యమన్నది మా అక్క. జెర కూసోండి" అన్న. గిరాకీలు నవ్విర్రు. పాపం మనిషి మంచోడే, కూసున్నడు. నేను రెండో కుర్చీల కూసున్న. జూడనీకి ఆయనకు నాకు లగ్గం అయితున్నట్టుంది.

మెల్లగ నాటకం సంగతి ఎత్తిన. ఆయన అన్నడు, "మా మనవరాలు కూడా బాగా పాడుతుందయ్యా, ఏమైనా వేషం ఉంటే చూడు."

"ఎన్నేండ్లు సార్?"

"నాలుగు."

"అయితే రాణి వద్దు సార్, జింకపిల్ల ఖాళీ ఉంది. కప్పుకు రాణినిచ్చినం కదా, జింకకు బాత్రూం కట్టిస్తే చాలు" అన్న.

ఆయన మొహం ఎర్ర మఖ్మల్‌ల కలిసిపోయింది. "నీ కుర్చీలు తీసుకొని బయటికి నడువు" అన్నడు. నేనేం చెయ్య, నోరు నాదే గాని నా మాట వినదు.

విశ్వతేజ రంగుల కరపత్రం అచ్చు వేయిస్తుండు, దాతల కోసం. ముందు పేజీల నీ ఫొటో ఉండాలంట, స్థాపకురాలివి కదా. మంచిది ఒకటి పంపు. నవ్వుతున్నది ఉంటే పంపు. లేదని తెలుసు.

ఐజాక్


కాకినాడ,
27 ఆగస్టు 2024

ఐజాక్,

నీ ఉత్తరం చదివి మీ బావ పడీ పడీ నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది. నాకు మాత్రం సిగ్గుతో అన్నం సహించలేదు. రేపే వెళ్లి ఆయనకి క్షమాపణ చెప్పు. కుర్చీలు లేకుండా వెళ్లు.

ఒకటి అర్థం చేసుకో. దాత తప్పు చెయ్యలేదు. ఇచ్చేవాడు ఏదో ఒకటి అడుగుతాడు, అడగడం ఆయన ఇష్టం. ఇది అమ్మేది కాదు సార్ అని చెప్పాల్సింది కుర్చీలో ఉన్నవాళ్లు. అప్పుడు ఆ కుర్చీలో ఉన్నది నేను. వాన నీళ్లు హార్మోనియం మీద పడుతుంటే నాకు కప్పు తప్ప ఇంకేం కనపడలేదు. ఆయన్ని వెక్కిరించి నన్ను వెనకేసుకు రాకు.

రాయొద్దని నేనే అన్నాను, ఇప్పుడు నేనే రాస్తున్నాను. సుమిత్ర కాప్రాలో ఉందట. చెరువు దగ్గర ఇల్లు, భర్త పేరు యుగంధర్. ఇంట్లోనే పిల్లలకి సంగీతం చెబుతోందని మన సమాజం కాంతమణి చెప్పింది. ఒకసారి వెళ్లి రా. మేడం క్షమించమని అడిగారని చెప్పు. సమాజాన్ని ఆ పిల్ల చేతిలో పెట్టాలని నాకు ఎప్పటినుంచో ఉంది, ఆ మాట కూడా చెప్పు. నేను రాయలేనురా. ఎన్నిసార్లు మొదలుపెట్టినా టీచరు రాసినట్టే వస్తోంది.

ఫొటో పంపుతున్నాను. తెల్ల చీరది. నవ్వుతున్నది లేదు.

మేబెల్


పద్మారావు నగర్,
3 నవంబర్ 2024

అక్కా,

ఆలస్యం అయింది. ముందుగాల కూసో, మంచినీళ్లు తాగు. నువ్వు చచ్చిపోయినవ్.

అసలు కథ చెప్తా. విశ్వతేజ కరపత్రం అచ్చయి వచ్చింది. నడిమిట్ల నీ తెల్లచీర ఫొటో. చుట్టూ పూల అంచు. అటొక దీపం, ఇటొక దీపం. మన సమాజం పేరు వేకువ కదా, అందుకే దీపాలు అంటడు వాడు. కింద "మా మార్గదర్శి మేబెల్ మేడం చూపిన బాటలో" అని రాసి ఉంది. అక్కా, నిజం చెప్పు, గా ఫొటో చూస్తే ఎవరికి ఏం అనిపిస్తది?

రాంగోపాల్‌పేట్ మొత్తం నీకోసం ఏడ్చింది. నోవహు పాస్టరు గారు ఆరాధన మధ్యల నీ కుటుంబానికి ఆదరణ కోసం ప్రార్థన చేసిండు. క్యారల్ పక్క వరసల కూసొని "ఆమెన్" అన్నది, ఎవరి కోసమో తెలవక. నాన్న శిష్యుడు జకర్యా ముసలాయన కర్ర పట్టుకొని వచ్చి, నీ జ్ఞాపకార్థం హాలుకు బెంచీ చేయిస్తా అన్నడు. భానుప్రకాశ్ గారు నా అంత ఎత్తు పూలచక్రం పంపిండు. అక్కా, నువ్వు ఇన్నేండ్లు అడిగినా ఇయ్యనోళ్లు సుత జేబుల చెయ్యి పెట్టిర్రు. బతికున్న కళకు కప్పు కావాలంటే బేరం, చచ్చిన కళాకారిణికి అడగకముందే బెంచీ!

ఎంటనే చెప్పాల్సిందే. కానీ నా గుణం నీకెరుక. కొన్ని దినాలు ఊకున్న. మజా అనిపించింది. తర్వాత ఇద్దరు ముగ్గురికి చెప్తే నన్ను కొట్టనీకి వచ్చిర్రు.

ఇగ అసలు మాట. నేను కాప్రా పోలే, పెండ్లిళ్ల సీజన్. కానీ ఆమెనే వచ్చింది. సుమిత్ర. ఆదివారం సాయంత్రం, తెల్ల చామంతులు పట్టుకొని. నీ వార్త విని వచ్చిందంట. మేడం బతికే ఉన్నది అని చెప్పిన. ఆమె హార్మోనియం పక్కన కూలబడింది. తర్వాత లేచి నిలబడి, రాణి మేఘావతి కోట విడిచిపోయే పద్యం పాడింది. మైకు లేకుండనే. రిహార్సల్ చేస్తున్న పిల్లలు ఎక్కడోళ్లక్కడ ఆగిపోయిర్రు. అక్కా, ఆ స్లాబ్ కింద మొదటిసారి ఒక గొంతు తిరిగింది. పాట అయినంక, "ఇది మేడం నాకు పెట్టిన అన్నం" అన్నది.

ఇగ రాయలేను, కండ్లు మసకలైతున్నయ్.

నీ తమ్ముడు
ఐజాక్


కాకినాడ,
15 నవంబర్ 2024

ఒరేయ్ తమ్ముడూ,

చనిపోయిన అక్క ఆశీస్సులు.

ముందు తిట్లు. నేను పోయానని ఇచ్చిన డబ్బు బతికున్నదానికి వాడకూడదు. ఒక్కొక్కరి గుమ్మం ఎక్కి, "మా అక్క బతికే ఉంది, మీ డబ్బు వెనక్కి తీసుకుంటారా, సమాజానికి ఉంచమంటారా" అని అడుగు. ఒక్క ఇల్లు కూడా వదలకు. నమ్మకం పోతే ఆ హాల్లో ఎన్ని బెంచీలుండి ఏం లాభం? పూలచక్రానికి భానుప్రకాశ్ గారికి నేనే కార్డు రాస్తాను. బతికుండగా తన చక్రానికి తనే కృతజ్ఞత చెప్పుకున్నదాన్ని నేనొక్కదాన్నేనేమో.

ఇక సుమిత్ర. ఆ భాగం మీ బావకి చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. మూడోసారి నేను చదవలేకపోయాను. ఈయనకి మాట సరిగ్గా రాదు కదా, మంచం పట్టె మీద మంచి చేత్తో తాళం వేశారు. నేను ఆ పద్యం పాడాను. నా గొంతు బొంగురుపోయింది. అయినా పాడాను.

ఇన్నేళ్లుగా హాలు మెట్లెక్కినప్పుడల్లా నాకు కొబ్బరినూనె వాసన వేసేది. ఎవరికీ చెప్పలేదు. మొన్న రాత్రి హాయిగా నిద్రపట్టింది.

నిన్ను కాప్రా వెళ్లమన్నాను కదా, ఇక వెళ్లొద్దు. తనంతట తనే వచ్చి పాడిందంటే మన్నించినట్టే. నేను కూడా రాయను. మానిన పుండు కెలికినట్టుంటుంది. పెద్దమనసు దానిది, మౌనంగా తీసుకుంటాను.

మేబెల్


పద్మారావు నగర్,
22 డిసెంబర్ 2024

అక్కా, బావకు, నీకు క్రిస్మస్ శుభాకాంక్షలు.

అందరి ఇండ్లు తిరిగిన. డబ్బులు ఎనకకు తీసుకున్నోళ్లు తక్కువే. జకర్యా ముసలాయన, "బతికుందా? అయితే ఇంకో బెంచీ వేయిస్తా" అన్నడు. భానుప్రకాశ్ గారు నీ కార్డు అద్దం కింద పెట్టుకున్నడు. నన్ను చూసి, "కుర్చీలు తేలేదా?" అన్నడు. ఇద్దరం నవ్వినం. తప్పయింది సార్ అన్న. పర్వాలేదయ్యా అన్నడు. జింకపిల్లను రిహార్సల్‌కు పంపిస్తుండు, ఏ బేరం లేకుండనే.

ఒక మాట. నువ్వు సుమిత్రకు ఓసారి రాస్తే బాగుంటదేమో. రెండే రెండు ముక్కలు. టీచరు రాసినట్టున్నా పర్వాలే. ఏదో, నాకు గట్ల అనిపించింది.

ఐజాక్


కాకినాడ,
19 జనవరి 2025

ఐజాక్,

నీకెందుకురా ఇంత పట్టుదల? రాయనని చెప్పానుగా. మాటలతో చెడగొట్టడం మన ఇంటి జబ్బు. నువ్వు ఎక్కువ మాట్లాడి చెడగొడతావు, నేను తక్కువ మాట్లాడి చెడగొడతాను. ఈసారి చేతలతో చేస్తాను.

కమిటీకి నా రాజీనామా పంపించాను. కొత్త అధ్యక్షురాలిగా సుమిత్ర పేరు రాశాను. విశ్వతేజ చాలా సంతోషించాడు, ఆహ్వానపత్రంలో వేయిస్తానన్నాడు. సమావేశంలో నా రాజీనామా నువ్వే మైకులో చదవాలి. చదివింపులు చదివినట్టు గట్టిగా చదువు. ఆ తర్వాత ఆమెను నా కుర్చీలో కూర్చోబెట్టు. నీ సింహాల కుర్చీ కాదు, ఆ పాత పేము కుర్చీ.

ఫిబ్రవరి నాటికి ఈయన కోలుకుంటే నేనూ వచ్చేదాన్ని. కుదరదు. నువ్వు చూసి, నాకు చూసినట్టే రాయి.

మీ అక్క


పద్మారావు నగర్,
24 ఫిబ్రవరి 2025

అక్కా,

చూసింది చూసినట్టే రాయమన్నవ్. రాస్తున్న.

నాటకం అయింది. ఎలీనా అని మన చర్చి పిల్ల రాణి వేసింది. పర్వాలే, నేర్చుకుంటది. జింకపిల్ల స్టేజీ మీదనే నిద్రపోయింది, దానికే చప్పట్లు ఎక్కువ. చదివింపులు రంగం అయినంకనే చదివిన.

తెల్లారి సమావేశం. పేము కుర్చీ తుడిచి, వేదిక నడిమిట్ల పెట్టిన. నీ రాజీనామా గట్టిగ చదివిన. జనం లేచి నిలబడ్డరు. తర్వాత అందరూ గుమ్మం దిక్కు చూసిర్రు. టీ తాగినం. మళ్ల చూసినం. విశ్వతేజ ఫోన్ చేసిండు. యుగంధర్ ఎత్తి, "ఎవరిని అడిగి మా ఇంటామె పేరు కార్డు మీద వేసిర్రు?" అన్నడు. విశ్వతేజ ఫోన్ పట్టుకొని నా దిక్కు చూసిండు. నేను హార్మోనియం కాలు కింద మూత దిక్కు చూసిన.

ఏప్రిల్ ఆఖరు దాక ఆగుదమని తీర్మానం చేసిర్రు. అప్పటికి కుర్చీల మనిషి లేకపోతే తాళం. ఎవరు నిన్ను తిట్టలే. నన్ను తిట్టాల్సింది, వాళ్లకు తెల్వదు.

అక్కా, ఆ ఆదివారం ఆమె వచ్చిన మాట నిజం. తెల్ల చామంతులు నిజం. నేను అప్పుడు మైకు చెక్ చేస్తున్న. ఆమెను చూసి, నీ చావు మజాకుల ఉన్న కదా, మైకులనే అరిచిన. "ఏడ్వకు చెల్లే, మేడం బతికే ఉన్నది, కాకినాడల కాజాలు తింటున్నది!" పిల్లలందరు నవ్విర్రు. నేను సుత నవ్విన. ఆమె నవ్వలే.

గుమ్మంలనే నిలబడి, "నిజంగానా అన్నా?" అని అడిగింది. నిజమే అన్న. గుండె మీద చెయ్యి పెట్టుకుంది. మొహంల వెలుగొచ్చింది అక్కా, ఆ వెలుగు నేను కల్పిస్త లేను. జెరసేపు ఎదురు చూసింది. ఇంకేమన్న చెప్తనేమో అని. మేడం నిన్ను రమ్మన్నది, క్షమించమన్నది, ఆ రెండు మాటలు నీ దగ్గర్నుంచి వచ్చి నా జేబుల ఎన్నో దినాల సంది పడి ఉన్నయ్. మైకు చేతుల ఉంది. నా నోటికి రాలే. ఎప్పుడూ ఆగని నోరు అప్పుడే ఆగింది.

అప్పుడు ఆమె అన్నది, "చనిపోయినవాళ్లు పిలవలేరు కదన్నా, అందుకని నేనే వచ్చాను. బతికే ఉన్నారుగా. మేడం పిలిచినప్పుడు వస్తాను."

పూలు హార్మోనియం మీద పెట్టి, చెప్పులు ఏసుకొని పోయింది.

ఎనకనే ఉరికి పోయి చెప్పొచ్చు. తెల్లారి కాప్రా పోయి చెప్పొచ్చు. సిగ్గయింది. నీకు ఉన్నదున్నట్టు రాస్తే నువ్వు ఇంకోసారి చస్తవేమో అనిపించి, ఇంకో తీరు రాసిన. నువ్వు హాయిగ నిద్రపోయిన అని రాసినంక ఎట్ల లేపుదు? రాయి, రాయి అని నిన్ను గోకిన గాని, ఎందుకో చెప్పలే. ఎవరికి కావాలో వాళ్లే పోయి అడగాలె అన్నది నువ్వే. నువ్వు నన్ను పంపినవ్, నేను పోలే. ఇద్దరం కలిసి ఆ పిల్లకు రెండోసారి రంగు తుడిపించినం.

ఏప్రిల్ దాక టైముంది. బావ దగ్గర కొన్ని దినాలు క్యారల్ ఉంటదంట, నేను అడగకముందే అన్నది. నువ్వు బండెక్కి రా. కాప్రా దాక ఆటోల నేను తోలుకపోతా. గేటు దగ్గర దించి నోరు మూసుకుంట. లోపలికి నువ్వే పోవాలె.

కాగితం మీద నాకు అబద్ధం రాదన్నవ్. వస్తది అక్కా. మస్తు వస్తది. రాణి మేఘావతి పద్యం ఆమె పాడలే. స్లాబ్ కింద గొంతు తిరుగలే. పిల్లలు ఆగిపోలే. "మేడం పెట్టిన అన్నం" అన్న మాట సుత నాదే. ఆ పాట మొత్తం నేను కూసొని పుట్టించిందే.

ఐజాక్